చిన్న సంస్థకు తొలి గ్రాంటు

కొత్త సాంకేతికతను నమ్ముకుని మొదలయ్యే చిన్న సంస్థకు డబ్బు ఎక్కువగా అవసరమయ్యేది తొలి ఒకటి రెండేళ్లలో. సరిగ్గా అప్పుడే దానికి ఎక్కడా డబ్బు పుట్టదు. బ్యాంకుకు వెళితే తాకట్టుకు స్థలమో ఇల్లో ఉందా అంటారు, మూడేళ్ల ఆదాయపు లెక్కలు చూపమంటారు. వెంచర్ పెట్టుబడిదారు దగ్గరికి వెళితే పనిచేసే నమూనా ఏదీ అని అడుగుతాడు. ఆ నమూనా తయారు చేయడానికే కదా డబ్బు కావలసింది! పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. సొంత డబ్బు, బంధువుల దగ్గర తెచ్చిన అప్పు కొన్ని నెలలు మాత్రమే వస్తాయి. ఆ తర్వాత చాలా ఆలోచనలు మంచివో చెడ్డవో తేలకుండానే ఆగిపోతాయి.

ఈ లోటును మార్కెట్ తనంతట తాను ఎందుకు పూడ్చదో ఆర్థికవేత్త కెనెత్ ఆరో 1962లోనే వివరించారు. పరిశోధన ఫలితం ముందుగా తెలియదు. ఫలించినా ఆ జ్ఞానమంతా పెట్టుబడి పెట్టినవాడి గుప్పిట్లో ఉండదు. పోటీదారులు చూసి నేర్చుకుంటారు, వినియోగదారులు తక్కువ ధరకు లాభపడతారు. సమాజానికి వంద రూపాయల మేలు జరిగినా సంస్థకు దక్కేది అందులో కొంతే. కాబట్టి ప్రైవేటు డబ్బు పరిశోధన మీద ఉండవలసిన దానికన్నా ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది. పెద్ద కంపెనీ ఒక ప్రయోగం విఫలమైతే మరో వ్యాపారం లాభంతో సర్దుకోగలదు. అయిదుగురు ఉద్యోగులున్న సంస్థకు ఆ వెసులుబాటు లేదు. ప్రభుత్వ సాయం అవసరమన్న వాదనకు మూలం ఇదే. అయితే సాయం చేయడం వేరు, సరైన వేళకు సరైన పద్ధతిలో చేయడం వేరు. నాలుగు దశాబ్దాలకు పైగా ఈ రెండో ప్రశ్నతో కుస్తీ పట్టిన పథకం అమెరికాలోని స్మాల్ బిజినెస్ ఇన్నోవేషన్ రీసెర్చ్. అందరూ దాన్ని ఎస్‌బీఐఆర్ అంటారు.

1970ల అమెరికాలో ప్రభుత్వ పరిశోధన నిధులు దాదాపు అన్నీ విశ్వవిద్యాలయాలకు, జాతీయ ప్రయోగశాలలకు, పెద్ద రక్షణ కంపెనీలకు వెళ్లేవి. చిన్న సంస్థలకు చిల్లర మిగిలేది. నిధుల్లో కొంత భాగం చిన్న సంస్థలకూ ఇవ్వాలని సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీ నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌పై ఒత్తిడి తెచ్చారు. ఆ సంస్థలో అధికారిగా ఉన్న రోలండ్ టిబెట్స్ దానికో రూపం ఇచ్చారు. 1977లో తొలి ప్రకటన వెలువడింది. టిబెట్స్ పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. మొదట చాలామందికి కొద్దికొద్దిగా ఇవ్వాలి, ఆలోచన నిలుస్తుందో లేదో ఆరు నెలల్లో తేల్చుకోమనాలి. నిలిచిన వాటికి రెండో దశలో పెద్ద మొత్తం ఇవ్వాలి. మూడో దశలో ఈ పథకం డబ్బు ఉండదు. ప్రైవేటు పెట్టుబడి రావాలి, లేదా ఆ వస్తువును ఏదో ఒక ప్రభుత్వ విభాగం తన అవసరానికి కొనాలి.

ఈ పద్ధతిలో ఎవరూ అంతగా పట్టించుకోని గుణం ఒకటుంది. ఏ ఆలోచన గెలుస్తుందో ముందే తెలుసునన్న భ్రమ ఇందులో లేదు. నష్టమొస్తే చిన్న మొత్తంతో పోతుంది. ఫలిస్తే తర్వాతి దశకు ఆధారం చేతిలో ఉంటుంది. అధికారి తెలివితేటల మీద కాక దశల క్రమం మీద ఆధారపడిన ఏర్పాటు కావడం వల్లే అధికారులు మారినా, ప్రభుత్వాలు మారినా అది బతికి బట్టకట్టింది.

నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో పని జరిగింది కాబట్టి అన్ని విభాగాలకూ విస్తరించాలని చిన్న వ్యాపారుల సంఘాలు పట్టుబట్టాయి. విశ్వవిద్యాలయాలు గట్టిగా వ్యతిరేకించాయి, తమ వాటాకు కోత పడుతుందని వాటి భయం. చివరికి 1982 జులైలో అధ్యక్షుడు రీగన్ సంతకంతో చట్టం వచ్చింది. బయటి సంస్థల పరిశోధనకు ఏటా 10 కోట్ల డాలర్లకు మించి ఖర్చు చేసే ప్రతి కేంద్ర విభాగమూ అందులో నిర్ణీత శాతాన్ని చిన్న సంస్థలకు కేటాయించాలన్నది దాని సారం. 0.2 శాతంతో మొదలై మెల్లగా 1.25కు, 1992 సవరణ తర్వాత 2.5కు, 2011 సవరణతో 3.2 శాతానికి ఆ వాటా పెరిగింది. 1992లోనే దీనికి తోడుగా ఎస్‌టీటీఆర్ అనే మరో పథకం వచ్చింది. అందులో చిన్న సంస్థ తప్పనిసరిగా ఒక విశ్వవిద్యాలయంతోనో పరిశోధన సంస్థతోనో జతకట్టాలి. బయటి పరిశోధనకు 100 కోట్ల డాలర్లు దాటి ఖర్చు చేసే విభాగాలు దానికి మరో 0.45 శాతం తీసిపెట్టాలి.

ప్రత్యేకంగా ఓ నిధి పెట్టి ఏటా బడ్జెట్‌లో దానికోసం అడుక్కోకుండా, ఉన్న పరిశోధన బడ్జెట్‌లోంచే శాతం కోసిపెట్టడం ఈ చట్టం చేసిన గొప్ప పని. పరిశోధన బడ్జెట్ పెరిగితే చిన్న సంస్థల వాటా దానంతటదే పెరుగుతుంది. 2025 నాటికి 11 విభాగాలు పాల్గొన్న ఈ రెండు పథకాల కింద ఏటా 400 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయ్యేది. అందులో దాదాపు సగం రక్షణ శాఖదే. ఆరోగ్యం, ఇంధనం, అంతరిక్షం ఆ తర్వాత వస్తాయి.

అర్హతకు సంస్థలో 500 మందికి మించి ఉద్యోగులు ఉండకూడదు, యాజమాన్యం ప్రధానంగా అమెరికా పౌరుల చేతిలో ఉండాలి. మొదటి దశ గ్రాంటు పరిమితి ఒకప్పుడు 50 వేల డాలర్లు, 2025 నాటికి 3 లక్షల పైచిలుకు. రెండో దశకు సుమారు రెండేళ్ల వ్యవధి, దాదాపు 20 లక్షల డాలర్ల వరకు. ఇది అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు. ప్రభుత్వం వాటా అడగదు. పేటెంటు సంస్థదే. పరిశోధనలో పుట్టిన సాంకేతిక సమాచారాన్ని ప్రభుత్వం ఇరవై ఏళ్ల పాటు పోటీదారులకు బయటపెట్టకూడదు. ఇక మూడో దశలో ఒక వెసులుబాటు ఉంది. మొదటి రెండు దశల్లోనే పోటీ జరిగిపోయిందని చట్టం భావిస్తుంది. కాబట్టి ఆ పరిశోధన కొనసాగింపుగా వచ్చే వస్తువును ఏ కేంద్ర విభాగమైనా మళ్లీ టెండర్ పిలవకుండా నేరుగా కొనవచ్చు. డబ్బు మొత్తాల గురించి మాట్లాడేవాళ్లు ఈ ఒక్క వాక్యాన్ని తరచూ మరిచిపోతారు. చిన్న సంస్థ దృష్టిలో దాని విలువ గ్రాంటు కన్నా తక్కువేమీ కాదు.

డబ్బు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో చూడడానికి కంటి శస్త్రచికిత్స మంచి ఉదాహరణ. కళ్లద్దాల అవసరం లేకుండా చేసే లాసిక్ పద్ధతిలో కార్నియాను లేజర్‌తో చెక్కుతారు. రోగి ఎంత నిలకడగా చూసినా కన్ను సూక్ష్మంగా కదులుతూనే ఉంటుంది. ఆ కదలికను పట్టుకోలేకపోతే లేజర్ పడవలసిన చోట పడదు. ఫ్లోరిడాలోని ఓర్లాండోలో ఆటానమస్ టెక్నాలజీస్ అనే చిన్న సంస్థ ఉండేది. అంతరిక్ష నౌకలు ఒకదానికొకటి వాటంతటవే వచ్చి అతుక్కోవడానికి లేజర్ రాడార్ తయారు చేయమని నాసా, క్షిపణి రక్షణ విభాగం దానికి ఎస్‌బీఐఆర్ కింద డబ్బిచ్చాయి. అదే లేజర్ రాడార్‌ను కంటి కదలికను కొలవడానికి మార్చుకోవచ్చని సంస్థకు తట్టింది. సెకనుకు 4,000 సార్లు కంటి స్థానాన్ని కొలిచి, లేజర్ కిరణాన్ని దానితోపాటే జరిపే యంత్రం 1990లలో అలా తయారైంది. దాని పేరు లాడార్‌విజన్. కంటిని వెంబడించే ఏర్పాటు ఇప్పుడు లాసిక్ యంత్రాల్లో మామూలైపోయింది. నాసా అధికారి ఎవరూ కళ్లద్దాల గురించి ఆలోచించి గ్రాంటు ఇవ్వలేదు. వాళ్లకు కావలసింది అంతరిక్ష నౌక. ఆ పరిజ్ఞానాన్ని ఎటు తిప్పాలో తోచింది చిన్న సంస్థకు, పేటెంటు తన చేతిలో ఉంది కాబట్టే తిప్పగలిగింది కూడా.

ఇలాంటి పేర్లు ఇంకా ఉన్నాయి. ప్రపంచమంతా ఇప్పుడు మొబైల్ చిప్‌ల కంపెనీగా ఎరిగిన క్వాల్‌కామ్ 1985లో మొదలైన కొత్తలో ఈ గ్రాంట్లు అందుకుంది. కంప్యూటర్ భద్రత సాఫ్ట్‌వేర్‌తో పేరొందిన సిమాంటెక్, నేల ఊడ్చే రోబోల ఐరోబోట్, జన్యుక్రమాన్ని చదివే యంత్రాల ఇల్యుమినా కూడా తొలిరోజుల్లో ఈ డబ్బుతో నిలదొక్కుకున్నవే. కానీ విజేతల జాబితా చూపించి పథకం గొప్పదని తేల్చడం సరికాదు. వేలాది సంస్థలకు డబ్బిస్తే కొన్ని ఎలాగూ పెద్దవవుతాయి. ఆ గ్రాంటు లేకపోయినా అవి ఎదిగేవేమో! అసలు తేలవలసిన సంగతి అది.

హార్వర్డ్ ఆర్థికవేత్త జాష్ లెర్నర్ 1999లో ప్రచురించిన పరిశీలనలో, 1980ల మధ్యలో గ్రాంటు పొందిన సంస్థలు పదేళ్లలో మిగతా వాటికన్నా వేగంగా పెరిగాయని తేలింది. అయితే ఆ పెరుగుదల వెంచర్ పెట్టుబడి బాగా తిరిగే ప్రాంతాల్లోని సంస్థలకే పరిమితమైంది. ఒకే సంస్థకు గ్రాంటు మీద గ్రాంటు ఇస్తే అదనపు మేలు కనిపించలేదు. మరుసటి ఏడాది ఆర్థికవేత్త స్కాట్ వాల్‌స్టెన్ మరో విమర్శ తెచ్చారు. గ్రాంటు వచ్చాక సంస్థలు తాము పెట్టవలసిన సొంత పరిశోధన ఖర్చును దాదాపు అంతే మేర తగ్గించుకున్నాయని ఆయన లెక్క. అదే నిజమైతే ప్రభుత్వ డబ్బు కొత్త పరిశోధనకు కాక పాత ఖర్చుకు వెళ్లినట్టే.

ఈ వాదన చాలాకాలం ఎటూ తేలలేదు. 2017లో ఆర్థికవేత్త సబ్రీనా హోవెల్ అమెరికా ఇంధన శాఖ రికార్డుల్లోకి వెళ్లారు. ఆ శాఖ దరఖాస్తులను ర్యాంకుల వారీగా పేర్చి, ఒక గీత గీసి, పైవాటికి గ్రాంటు ఇచ్చేది. గీతకు కొంచెం పైన నిలిచిన సంస్థకు, కొంచెం కింద ఆగిపోయిన సంస్థకు సత్తాలో పెద్ద తేడా ఉండదు. డబ్బు వచ్చిందా రాలేదా అన్నదే తేడా. అందుకే ఈ రెండు గుంపులను పక్కపక్కన పెట్టి చూస్తే గ్రాంటు ప్రభావం విడిగా కనబడుతుంది. సుమారు 1,50,000 డాలర్ల మొదటి దశ గ్రాంటు అందుకున్న సంస్థకు ఆ తర్వాత వెంచర్ పెట్టుబడి దొరికే అవకాశం 10 శాతం నుంచి 19 శాతానికి, అంటే దాదాపు రెట్టింపైంది. ఆదాయం మొదలయ్యే అవకాశమూ పెరిగింది. కొత్తగా పుట్టిన, అప్పులు పుట్టని సంస్థలకే ఎక్కువ మేలు జరిగింది. దానికి ఎన్నో రెట్లు పెద్దదైన రెండో దశ గ్రాంటు ప్రభావం మాత్రం స్వల్పం.

మొదటి గ్రాంటు ఎందుకు పనిచేసిందన్నది కూడా ఆమె వెతికారు. ప్రభుత్వం ఎంపిక చేసిందన్న ముద్ర చూసి పెట్టుబడిదారులు రావడం లేదు. ఆ డబ్బుతో నమూనా తయారై, పనిచేస్తుందో లేదో తేలిపోవడమే కారణం. ప్రభుత్వ సాయంపై జరిగే చర్చల్లో ఇంతకన్నా ఉపయోగపడే ఫలితం అరుదు. కోట్లలో ప్రకటించే నిధుల వైపే పత్రికలూ నాయకులూ చూస్తారు. ఫలితం మాత్రం మొదట ఇచ్చిన చిన్న మొత్తంలోనే ఎక్కువ.

పథకానికి పట్టిన చెడు కూడా ఉంది. కొన్ని సంస్థలు దరఖాస్తులు రాయడంలోనే ఆరితేరాయి. ఏటా పదుల సంఖ్యలో గ్రాంట్లు గెలుస్తాయి, నివేదికలు ఇస్తాయి, బజారుకు ఏ వస్తువూ రాదు. విభాగాలు తమకు ఏం కావాలో మరీ సన్నగా నిర్దేశించి ప్రకటన ఇస్తే ఆ భాష తెలిసిన పాత సంస్థలే వస్తాయి, కొత్తవాళ్లు బయటే నిలబడతారు. అమెరికా వైమానిక దళం 2018లో దీనికి విరుగుడు ప్రయత్నించింది. ఫలానా వస్తువు తెమ్మనే బదులు, వైమానిక దళానికి ఉపయోగపడుతుందని మీరు నమ్మేదేదైనా చూపండి అని పిలిచింది. హోవెల్, ఆమె సహచరులు ఈ రెండు పద్ధతులనూ పోల్చారు. సన్నగా నిర్దేశించిన పాత పద్ధతిలో గెలిచిన సంస్థకు మరో ఎస్‌బీఐఆర్ గ్రాంటు దొరికే అవకాశమే పెరిగింది తప్ప మరేమీ మారలేదు. కొత్త పద్ధతిలో చిన్న వయసు సంస్థలు వచ్చాయి, గెలిచినవాటికి ప్రైవేటు పెట్టుబడీ సైనిక ఆర్డర్లూ పెరిగాయి.

పదేపదే గెలిచే సంస్థలకు కఠినమైన ప్రమాణాలు, విదేశీ సంబంధాలపై తనిఖీ చేర్చి 2022లో చట్టాన్ని 2025 సెప్టెంబర్ 30 వరకు పొడిగించారు. ఆ తేదీ నాటికి తదుపరి పొడిగింపుపై అమెరికా కాంగ్రెస్‌లో అంగీకారం కుదరక అధికారం ముగిసింది. పెద్ద కంపెనీకి ఇలాంటి విరామం ఒక వార్త మాత్రమే. రెండో దశ కోసం ఎదురుచూస్తున్న చిన్న సంస్థకు మాత్రం నెల జీతాల గండం. అయిదారుగురు నిపుణులు ఒకసారి చెదిరిపోతే మళ్లీ ఆ బృందాన్ని కూర్చడం గ్రాంటు తెచ్చుకున్నంత తేలిక కాదు.

అమెరికాలో పుట్టిన ఈ నమూనాను జపాన్ 1999లో, బ్రిటన్ 2001లో తమ తమ రీతుల్లో తెచ్చుకున్నాయి. భారత్ దారి కొంత వేరుగా మొదలైంది.

ఇక్కడ తొలి పెద్ద ప్రయత్నం 1996లో ఏర్పడిన టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు. విదేశీ సాంకేతికతను కొనే కంపెనీలు చెల్లించే సొమ్ముపై ప్రభుత్వం 5 శాతం సెస్సు వేసేది. దిగుమతి మీద వేసిన ఆ సుంకంతో స్వదేశీ సాంకేతికతకు ఊతమివ్వాలన్నది ఆలోచన. బోర్డు ఇచ్చేది ఎక్కువగా తక్కువ వడ్డీ అప్పు, అదీ ప్రాజెక్టు ఖర్చులో సగం వరకు. దాని తొలి సంవత్సరాల సాయం అందుకున్నవాటిలో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ ఒకటి.

ఆ సంస్థ కథలో చిన్న సంస్థ కష్టాలన్నీ వరసగా కనిపిస్తాయి. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో దాన్ని స్థాపించారు. అప్పట్లో హెపటైటిస్-బి టీకా విదేశాల నుంచే వచ్చేది, ఒక్కో డోసు వందల రూపాయలు. మామూలు కుటుంబాలకు అందేది కాదు. జన్యు పునస్సంయోజన పద్ధతిలో ఆ టీకాను ఇక్కడే తయారు చేస్తామంటే నమ్మి అప్పిచ్చే బ్యాంకు దొరకలేదు. బ్యాంకు లెక్కల్లో అలాంటి పరిశ్రమే లేదు. తొలి పెద్ద పెట్టుబడి ఒమన్ నుంచి రావలసి వచ్చింది. పరిశోధన మాత్రం ప్రభుత్వ గూటిలోనే సాగింది, మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత సీసీఎంబీ అనే జాతీయ పరిశోధన సంస్థలో. ఖరీదైన పరికరాలు, పక్క గదిలో సలహా ఇవ్వగల శాస్త్రవేత్తలు, ఇవి రెండూ చిన్న సంస్థ సొంతంగా కొనుక్కోలేనివి. 1997లో విడుదలైన శాన్‌వ్యాక్-బి ఆ పద్ధతిలో దేశంలో తయారైన తొలి టీకా. దాని రాకతో ధరలు కూలిపోయాయి. హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ వంటివీ రంగంలోకి దిగడంతో ఆ టీకా సాధారణ పిల్లలకు అందే వస్తువైంది. ఇందులో ప్రభుత్వం పాత్ర ఒకే చెక్కు కాదు: ప్రయోగశాలలో చోటు, శాస్త్రవేత్తల సాంగత్యం, బోర్డు అప్పు, ఇలా ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఎక్కువ భాగం పట్టుదల గల వ్యక్తి గడపగడపా తిరిగి పోగుచేసుకున్నదే. పట్టుదల తక్కువైనవాళ్ల ఆలోచనలు ఎన్ని మధ్యలో ఆగిపోయి ఉంటాయో!

ఆ తిరుగుడు తప్పించడానికే బయోటెక్నాలజీ శాఖ 2005లో అమెరికా పథకం పేరునే దాదాపు తీసుకుని ఎస్‌బీఐఆర్ఐ మొదలుపెట్టింది. రెండు దశలు, ప్రభుత్వమూ సంస్థా కలిసి ఖర్చు పంచుకునే పద్ధతి. 2012లో బైరాక్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడి ఈ పనులన్నీ తన చేతిలోకి తీసుకుంది. అదే ఏడాది వచ్చిన బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంటును ఈ రంగంలోని వాళ్లంతా బిగ్ అని పిలుస్తారు. హోవెల్ లెక్కలు చెప్పిన మొదటి దశకు మన దేశంలో అచ్చమైన రూపం ఇదే. 18 నెలలు, 50 లక్షల రూపాయల వరకు, తిరిగి కట్టనక్కరలేదు. ఏటా జనవరి 1న, జులై 1న దరఖాస్తులు పిలుస్తారు. ఉద్యోగం మానేసి ఆలోచనతో వచ్చిన వ్యక్తి కూడా ఏదైనా ఇంక్యుబేటర్‌లో చేరి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

బైరాక్ ఢిల్లీ నుంచి నేరుగా పంచదు. కొన్ని భాగస్వామ్య సంస్థల ద్వారా నడిపిస్తుంది. శామీర్‌పేట దాటాక తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్కు వాటిలో ఒకటి. దరఖాస్తు వడపోత, నిపుణుల ముందు ప్రజెంటేషన్, ప్రయోగశాల పరిశీలన, ఎంపికయ్యాక నెలల వారీ లక్ష్యాలు, అన్నీ అక్కడే. సొమ్ము ఒకేసారి రాదు. అనుకున్న లక్ష్యం చేరినట్టు చూపితే తర్వాతి వాయిదా విడుదలవుతుంది. 50 లక్షలంటే రియల్ ఎస్టేట్ లెక్కల్లో ఓ ఫ్లాటు ధర. ప్రయోగశాలలో మాత్రం ఇద్దరు ముగ్గురు యువ పరిశోధకుల జీతాలు, రసాయనాలు, బయట చేయించే పరీక్షలు, పేటెంటు దరఖాస్తు, కొన్ని పరికరాలు దాంతో గట్టెక్కుతాయి. ఏడాదిన్నర తర్వాత చేతిలో నమూనా ఉంటుంది, లేదా ఆ ఆలోచన పనికిరాదన్న స్పష్టత ఉంటుంది. రెండోది నష్టమని లెక్క వేయకూడదు. పనికిరాని దారిలో మరో అయిదేళ్లు, ఇంటి డబ్బు అంతా పోకుండా అది కాపాడుతుంది.

జీవశాస్త్రం కాని రంగాలకు శాస్త్ర సాంకేతిక శాఖ 2016లో నిధి కార్యక్రమం తెచ్చింది. అందులో ప్రయాస్ అనే విభాగం నమూనా తయారీకి 10 లక్షల రూపాయల వరకు ఇస్తుంది. 2021లో 945 కోట్లతో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ ఇంక్యుబేటర్ల ద్వారా నమూనా దశకు 20 లక్షల వరకు గ్రాంటు, మార్కెట్ దశకు 50 లక్షల వరకు అప్పు రూపంలో అందిస్తుంది. పేటెంటు రుసుముల్లో స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు 80 శాతం తగ్గింపు ఉంది. రక్షణ రంగానికి 2018లో మొదలైన ఐడెక్స్ వేరే తరహాది: సైన్యం తన సమస్యను బహిరంగంగా ప్రకటిస్తుంది, పరిష్కారం చూపిన సంస్థకు మామూలుగా 1.5 కోట్ల వరకు గ్రాంటు ఇస్తుంది, అంతే సొమ్ము సంస్థ తనవంతుగా పెట్టాలి.

రాష్ట్రాలు డబ్బు కన్నా చోటు, పరికరాలు సమకూర్చే దారి పట్టాయి. హైదరాబాద్‌లో 2015లో వచ్చిన టీ-హబ్ సాఫ్ట్‌వేర్ స్టార్టప్‌లకు పేరుపడితే, రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ వస్తువులు చేసేవాళ్ల కోసం. లేత్, లేజర్ కటింగ్, త్రీడీ ప్రింటింగ్, ఎలక్ట్రానిక్స్ బోర్డుల తయారీ ఒకే కప్పు కింద దొరకడం అంటే లక్షల రూపాయల యంత్రం కొనకుండా గంటల లెక్కన వాడుకోవడం. విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్‌ది వైద్య పరికరాల రంగం. ఆ రంగంలో తయారీ ఒక ఎత్తు, ప్రమాణాల పరీక్షలు మరో ఎత్తు. ఆ పరీక్షల సదుపాయం తయారీ ఆవరణలోనే ఉండడం అక్కడి ప్రత్యేకత.

మొత్తం మీద తొలి మెట్టు ఇప్పుడు మన దేశంలో 1993 నాటి కన్నా ఎంతో నయంగా ఉంది. కాలు తడబడేది ఆ పైన, కొనేవాడి దగ్గర. ఆసుపత్రులు, డిస్కంలు, మున్సిపాలిటీలు, రైల్వేలు, వ్యవసాయ శాఖలు ఇక్కడ అన్నిటికన్నా పెద్ద కొనుగోలుదారులు. టెండర్ షరతుల్లో మాత్రం గత మూడేళ్ల టర్నోవర్, ఇలాంటి వస్తువు ఇంతకుముందు ఎవరికి సరఫరా చేశారన్న ధ్రువపత్రం ఉంటాయి. కొత్త వస్తువుకు పాత సరఫరా ఎక్కడి నుంచి వస్తుంది? 2017 సాధారణ ఆర్థిక నిబంధనలు స్టార్టప్‌లకు అనుభవం, టర్నోవర్ షరతులు సడలించవచ్చని, ధరావతు మినహాయింపు ఇవ్వవచ్చని చెబుతున్నాయి. సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి ఏటా 25 శాతం కొనాలని కేంద్ర సంస్థలకు లక్ష్యం కూడా ఉంది. కానీ సడలించవచ్చు అనే మాటకు, తప్పక సడలించాలి అనే మాటకు మధ్య ఒక అధికారి సంతకం ఉంటుంది. తెలియని సంస్థ సరుకు చెడిపోతే ఆడిట్‌లో జవాబు చెప్పవలసింది ఆయనే. పేరున్న కంపెనీ సరుకు చెడిపోతే ఎవరూ ఆయన్ని అడగరు. అమెరికా చట్టంలోని మూడో దశ నిబంధన ఈ భయాన్ని చట్టబద్ధంగా తీసేసింది. మన దగ్గర ఐడెక్స్‌లో దానికి దగ్గరి పద్ధతి వచ్చింది. అక్కడ గెలిచి పరీక్షల్లో నెగ్గిన సంస్థ నుంచి సైన్యం నేరుగా కొనే దారిని రక్షణ కొనుగోళ్ల నిబంధనల్లో చేర్చారు. ఆరోగ్యం, వ్యవసాయం, పట్టణ సేవల్లోనూ అలాంటి దారి వేయకపోతే తొలి గ్రాంటుతో తయారైన నమూనాలు ప్రదర్శనల్లోనే మిగిలిపోతాయి.

కొన్నాక డబ్బు చేతికి రావడం ఇంకో బాధ. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదుకు ప్రతి రాష్ట్రంలో ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. అయినా తమకున్న ఒకే ఒక్క పెద్ద ఖాతాదారుపై ఫిర్యాదు పెట్టే ధైర్యం చిన్న సంస్థకు సాధారణంగా ఉండదు. గడువు దాటినా చెల్లించని బిల్లును కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపడానికి వీల్లేదని ఆదాయపు పన్ను చట్టంలో తెచ్చిన మార్పు 2024 ఏప్రిల్ నుంచి కొంత ఒత్తిడి పెట్టింది. అది పన్ను కట్టే ప్రైవేటు కంపెనీలకు తగులుతుంది. పన్ను కట్టని ప్రభుత్వ కార్యాలయాలకు తగలదు.

దేశం మొత్తంగా పరిశోధనపై పెట్టే ఖర్చు జీడీపీలో సుమారు 0.64 శాతం దగ్గరే ఏళ్ల తరబడి తిరుగుతోంది. ఈ స్థితిని మార్చడానికి కేంద్రం 2025లో లక్ష కోట్ల రూపాయల పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ నిధిని ఆమోదించింది. సాంకేతికత పరిణతి స్థాయిని 1 నుంచి 9 వరకు కొలిచే, నాసా రూపొందించిన పద్ధతిలో నాలుగో స్థాయి, అంటే ప్రయోగశాలలో పనిచేస్తుందని రుజువైన దశ, చేరిన ప్రాజెక్టులకే దీని సొమ్ము వెళుతుంది. అది కూడా దీర్ఘకాలపు చవక అప్పుగానో, వాటాగానో; గ్రాంటుగా కాదు. పెద్ద యంత్రాగారాలకు, కర్మాగారం కట్టే దశకు ఇంత పెద్ద నిధి నిజంగా అవసరమే. అయితే నాలుగో మెట్టు దాకా ఎక్కించే భారమంతా 10 లక్షల, 50 లక్షల గ్రాంట్ల మీదే ఉంటుంది. కేంద్ర శాస్త్ర విభాగాల బడ్జెట్‌లలో అలాంటి తొలి గ్రాంట్లకు అమెరికా 3.2 శాతం లాంటి చట్టబద్ధమైన వాటా భారత్‌లో ఇప్పటికీ లేదు. ఏ ఏడాది ఎంత దొరుకుతుందన్నది ఆ ఏడాది కేటాయింపును బట్టే ఉంటుంది.